వచ్చిన అమ్మను సాగనంపేదెవరు?

పాఠకుల ప్రశ్నలకు పంతులమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పూనకాల మీదే ఉన్నాయి. ఎందుకో తెలుస్తూనే ఉంది. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు. కోనసీమ నుంచి భీమవరం దాకా ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక అమ్మవారికి తీర్థమో జాతరో జరిగింది. సెలవులకు వచ్చిన పిల్లలు కళ్ళు ఇంతలు చేసుకుని చూశారు, ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నలు రాశారు. నేను 31 ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. పీఠాధిపతిని కాను, వైద్యురాలినీ కాను. కాని మా మేనత్త అమలాపురం పక్క ఊళ్ళో గణాచారి, అంటే అమ్మవారు పూని ఊరికి మాట చెప్పే మనిషి. ఆవిడ తలలో పేలు చూస్తూ పెరిగాను. ఆ పాటి అర్హతతోనే ఈ జవాబులు.

ప్రశ్న: పోయిన నెల పాలకొల్లు దగ్గర మా ఊరి జాతరలో మా అత్తకు పూనకం వచ్చింది. నేను ఫోనులో తీశాను. ఇంట్లో అందరూ నా మీద విరుచుకుపడ్డారు. డప్పు మొదలవగానే వచ్చి, డప్పు ఆగగానే పోయేది దేవత ఎలా అవుతుంది టీచరు గారూ? అది నటన కాదా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

బాబూ, ముందు ఫోను సంగతి. మీ అత్త జుట్టు విరబోసుకుని, పైట జారినా తెలియకుండా ఉన్న సమయంలో ఆమెను అడగకుండా తీసిన వీడియో అది. ఒంటి మీద దేవత ఉన్నా లేకపోయినా ఆవిడ మీ అత్తే. తీసేయండి.

ఇక డప్పు మాట. ఎత్తిపొడుపుగా అడిగినా పట్టుకోవలసిన చోటే పట్టుకున్నారు. మా ఊళ్ళో నేను చిన్నప్పటి నుంచి చూసింది చెబుతాను, మీ ఊళ్ళో చూసినదానితో పోల్చుకోండి.

గరగలు ఎత్తిన రోజు మా అత్త పొద్దుటి నుంచి పానకం తప్ప ఏమీ ముట్టుకునేది కాదు. సాయంత్రం తలస్నానం, కాళ్ళకు పసుపు, తడి ఆరని జుట్టు ముడి. వీధి చివర వీరణం మోగేది. అది పెద్ద డోలు, చెవికంటే ముందు కడుపుకు వినిపిస్తుంది. దాని వెనకే డప్పులు, ఆ వెనక తల మీద గరగలతో గజ్జెలు కట్టినవాళ్ళు. పడగలు చెక్కి రంగులు వేసిన కలశమే గరగ. అమ్మవారు ఇంటింటికీ నడిచి వచ్చే వాహనం అదే. ఆడవాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి వాళ్ళ పాదాల మీద పోసేవారు. మా అత్త అరుగు స్తంభాన్ని ఆనుకుని నిలబడేది. గరగ మా గుమ్మానికి రెండిళ్ళ దూరంలో ఉండగా మొదట ఆవలింతలు వచ్చేవి, ఒకదాని వెంట ఒకటి, కళ్ళ వెంట నీళ్ళు కారేటంతగా. తర్వాత ఎడమ కాలి బొటనవేలు నేలను గీరడం మొదలుపెట్టేది. నేను ఆ వేలినే చూస్తూ కూర్చునేదాన్ని. వేలు ఆగిందంటే పైన భుజాలు కదిలినట్టు లెక్క. ఆ లోపల ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడ చేతి గాజులు తీసి, నడుముకు తుండుగుడ్డ బిగించి, చెరో పక్క నిలబడేవారు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందరికీ తమ పని తెలుసు.

అప్పుడు కేక. దాని వెనక ఊరి పెద్ద ప్రశ్న: "ఎవరు తల్లీ నువ్వు? ఎందుకు వచ్చావు?"

ఒక ఏడు ఆ తల్లి ఏమన్నదో నాకు ఇప్పటికీ గుర్తు. "నా గుడి ముందు మురుగు పారుతుంటే మీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు?" అన్నది. పంచాయతీ వాళ్ళు అక్కడే ఉన్నారు. తలలు వంచుకున్నారు. నాలుగు రోజుల్లో కాలువ బాగుపడింది. మా అత్త మామూలు రోజుల్లో పంచాయతీ మెట్లు ఎక్కి అదే మాట అని ఉంటే, "చూద్దాంలేమ్మా" అని పంపించేవారు.

అడగవలసినవి అడిగాక డప్పు నడక మారేది. ఉరికే దెబ్బ పోయి, ఆగి ఆగి పడే దెబ్బ వచ్చేది. నాలుక మీద కర్పూరం వెలిగించేవారు, నిమ్మకాయ కోసేవారు, పసుపు నీళ్ళు నెత్తిన పోసి వేపమండతో ముఖం మీద చల్లేవారు. "శాంతించు తల్లీ, నీ చోటికి నువ్వు వెళ్ళు" అనేవారు. ఆవిడ పక్కనున్న ఇద్దరి మీదికీ వాలిపోయేది. కాసేపటికి లేచి, "నా జాకెట్టు తడిసిందేమిటే?" అని నన్ను అడిగేది.

ఇది నటనా? మీరు చావింటికి వెళ్ళే ఉంటారు. పొద్దుటి నుంచి ఏడ్చి అలసిన మనుషులు కొత్త చుట్టం గుమ్మంలో అడుగు పెట్టగానే మళ్ళీ గొల్లుమంటారు. కాఫీ గ్లాసులు రాగానే సర్దుకుంటారు. వేళకు వచ్చింది, వేళకు ఆగింది కాబట్టి దొంగ ఏడుపు అందామా? పూనకానికీ వేళ ఉంది, మెట్లు ఉన్నాయి, అది చూసి చూసి ఒంటికి అబ్బుతుంది. మా అత్త వాళ్ళ అమ్మమ్మను చూసి నేర్చింది. నేర్చినట్టు ఆవిడకూ తెలియదు.

దొంగ పూనకాలు లేవని మాత్రం అనను. మా వీధిలో ఒక కోడలికి జాతరలో పూనకం వచ్చి అత్తగారి రెండు చెంపలూ వాయించింది. మా అత్త ఇంటికి వచ్చి, "ఆ ఇంటి పాల లెక్కలన్నీ అమ్మవారికి ఎలా తెలిశాయే?" అని నవ్వింది. కాని ఎవరూ తర్కించలేదు. ఆ అత్తగారి గొంతు నెల రోజుల పాటు వీధిలోకి వినిపించలేదు.

ప్రశ్న: మా గ్రామదేవత గుడిని బాగు చేయించి శ్రీచక్రం ప్రతిష్ఠించాం. శుక్రవారాల్లో చండీహోమం జరుగుతోంది. పూనకాలు అవైదికమనీ, తామసమనీ, గణాచారి కుటుంబం ఇక లోపలికి రాకూడదనీ కొత్త అర్చకులు అంటున్నారు. శాస్త్రం ఏమంటుంది?
— రామచంద్రపురం దగ్గర ఒక ఆలయ కమిటీ సభ్యుడు

అవైదికం అన్నారా? అయితే బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయం తీయమనండి. జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ణి నిలదీయడానికి లేచిన భుజ్యుడు ఏం చెప్పాడో చదవమనండి. మద్ర దేశంలో తిరుగుతూ పతంచల కాప్యుడి ఇంటికి వెళ్ళాం, ఆయన కూతురికి గంధర్వుడు పట్టి ఉన్నాడు, "నువ్వెవరు?" అని అడిగాం, పేరు చెప్పాడు, లోకాల అంచుల గురించి ఆ గంధర్వుణ్ణే అడిగాం అన్నాడు. ఆ తర్వాత ఉద్దాలకుడు లేచి అదే ఇంటి మాట చెబుతాడు. ఈసారి గంధర్వుడు పట్టింది ఆ కాప్యుడి భార్యకు. ఆవిడ నోట వచ్చిన ప్రశ్నతోనే అంతర్యామి అనే గొప్ప చర్చ మొదలవుతుంది. "కోఽసి" అని వాళ్ళు అడిగిందీ, "ఎవరు తల్లీ నువ్వు?" అని మా ఊరి పెద్ద అడిగేదీ ఒకటే ప్రశ్న. ఆ సభలో ఎవరూ ముక్కు మూసుకోలేదు.

ఇక తంత్రం. మీ అర్చకులు జపానికి కూర్చోగానే చేసే అంగన్యాస కరన్యాసాలు దేనికి? వేళ్ళకు, గుండెకు, శిరస్సుకు, శిఖకు, కళ్ళకు మంత్రాన్ని తాకించి ఒంటిలో దేవతను నిలపడానికే కదా. కలశంలోకి ఆవాహన చేస్తారు, పూజ అయ్యాక ఉద్వాసన చెబుతారు. మా అత్త విషయంలో ఆవాహన వీరణం చేసేది, ఉద్వాసన వేపమండ చెప్పేది. ఒకరు పీట మీద కదలకుండా కూర్చుని చేస్తారు, ఒకరు వీధిలో గంతులు వేస్తూ చేస్తారు. గంతులు వేసేవాళ్ళు సాధారణంగా ఏ కులాల వాళ్ళో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "తామసం" అనే మాట ఎక్కడి నుంచి పుడుతోందో కూడా తెలుసు.

ఇంకో సంగతి. తంత్ర గ్రంథాల్లో స్వస్థావేశం అని ఒక ప్రయోగం ఉంది. ఏ జబ్బూ లేని పసివాడిలోకి దేవతను రప్పించి, తెలియని విషయాలు అడగడం. మన పల్లెల్లో పోయిన వస్తువు కోసం తమలపాకు మీద కాటుక పులిమి పిల్లవాడి చేత చూపించే అంజనం దానికి దగ్గర చుట్టం. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారని తేల్చబోవడం గౌతమి నీళ్ళూ వసిష్ఠ నీళ్ళూ ఒకే బిందెలో పోసి వేరు చేయమన్నట్టు ఉంటుంది. మీరున్నది ద్రాక్షారామం పక్కన. మాణిక్యాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. దక్షుడి యజ్ఞం జరిగింది అక్కడేనని మన నమ్మకం. ఆ యజ్ఞాన్ని ధ్వంసం చేసిన వీరభద్రుడే మన ఇళ్ళలో పూనేది. ఇంత దగ్గరగా కలిసి పెరిగినవాటి మధ్య గోడ కట్టడానికి ఏ శాస్త్రం సరిపోతుంది?

శ్రీచక్రం ఉండనివ్వండి, హోమాలు చేయించుకోండి. కాని ఆ చోట గుడే లేనప్పుడు వేపచెట్టు కింద రాయికి పసుపు రాసి దీపం పెట్టిన కుటుంబాన్ని ఇప్పుడు గడప అవతల నిలబెట్టడాన్ని మా ఊళ్ళో ఆస్తి తగాదా అంటారు. ఆ గుడికి హుండీ ఎప్పుడు పెట్టారో, అవైదికం అన్న మాట ఎప్పుడు మొదలైందో మీ కమిటీ పుస్తకాల్లో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: నాలుకకు, బుగ్గలకు నారసాలు పొడుచుకుంటే రక్తం ఎందుకు రాదు?
— ఒక ఇంటర్ విద్యార్థి, తణుకు

వస్తుంది నాయనా, కొద్దిగా వస్తుంది. సన్నని ఊచను చెయ్యి తిరిగిన మనిషి ఒక్క ఊపులో గుచ్చితే గాయం చిన్నది. నోటి గాయాలు త్వరగా మానతాయి కూడా. పైన విభూతి అద్దుతారు, డప్పు మోగుతూ ఉంటుంది, మనసు అక్కడ ఉండదు. ఒకరికి గుచ్చిన నారసం ఇంకొకరికి గుచ్చనివ్వకండి. కామెర్లు తెచ్చే కొన్ని వైరస్‌లు రక్తంలో ప్రయాణిస్తాయి, వాటికి భక్తి తెలియదు. నువ్వు మాత్రం పరీక్షలు అయ్యేదాకా దూరం నుంచి చూడు.

ప్రశ్న: మా పెద్దవాడు అయిదో ఏట కాలువలో పడి చనిపోయాడు. ఇప్పటికి 20 ఏళ్ళు. చిన్నవాడికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు వీరభద్రుడి సంబరం చేసి తీరాలని మా అత్తగారి పట్టు. పోయినవాళ్ళను పెళ్ళింట్లోకి పిలవడం అపశకునం అని వియ్యాలవారు. నా భయం వేరు. వాడు నా ఒంటి మీదికి వస్తే ఎలా అమ్మా? రాకపోతే ఎలా?
— ఒక తల్లి, రాజోలు వైపు నుంచి

అమ్మా, మీ ఉత్తరం చదివి రెండు రోజులు పక్కన పెట్టాను. వెంటనే రాయలేకపోయాను.

వియ్యాలవారు బహుశా మన జిల్లాల వాళ్ళు కాకపోవచ్చు. వాళ్ళకు చూపించడానికి పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తాను. పెళ్ళి కాకుండా పోయిన పిల్లలను గోదావరి ప్రాంతంలో చాలా కుటుంబాలు పోయినవాళ్ళుగా లెక్క కట్టవు. వాళ్ళు వీరులవుతారు, వీరభద్రుడిలో చేరతారు, ఇంటి దేవుడి మూలకే తిరిగి వస్తారు. బూడిదను ముద్ద చేసి వాళ్ళ రూపుగా నిలుపుతారు. దాని పేరు విభూతి పండు. నిమ్మకాయంత ఉంటుంది, ఒక్కో ఇంట్లో ఇంకాస్త పెద్దది. సంబరం రాత్రి ఆ పండును పళ్ళెంలో పెట్టుకుని, డప్పులతో, దివిటీలతో గోదావరికి తీసుకెళ్ళి స్నానం చేయించి తెస్తారు. దారి పొడవునా "అశ్శరభ శరభ" అని కేకలు. నరసింహుడి ఉగ్రాన్ని అణచడానికి శివుడు ఎత్తిన రూపం శరభుడని పురాణం. తంత్రంలో శరభ మంత్రం భయంకరమైనదిగా పేరుపడ్డది, ఊరికే జపించకూడదంటారు. మన దగ్గర ఆ పేరునే కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి కౌశిక పాయ దాటించి ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించిన దేవుడి ఎత్తైన చట్రాలు, మోసుకెళ్ళే కుర్రాళ్ళు అరుస్తారు, సంబరం రాత్రి బిడ్డను పోగొట్టుకున్న తల్లి అరుస్తుంది. ఎక్కడి మంత్రం, ఎక్కడికి వచ్చి చేరింది!

డేవిడ్ నైప్ అనే అమెరికా ఆచార్యుడు రాజమహేంద్రవరంలో ఉండి, కోస్తా వీరభద్రుడి కొలువు మీద పరిశోధన చేసి 1989లో ఒక వ్యాసం అచ్చు వేశాడు. దాని పేరును తెలుగులో చెప్పుకుంటే "ఎదుగుతున్న మృతుల రాత్రి" అవుతుంది. నేను ఆ పేరు చూసి ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆ ఎదగడం నేను కళ్ళారా చూశాను.

నాకు అప్పుడు 14 ఏళ్ళు. మా వెనక వీధిలో ఒక నేతవారి ఇల్లు. మగ్గం ఎత్తి పక్కన పెట్టి సంబరం చేస్తున్నారు. వాళ్ళ పిల్లవాడు నాలుగో ఏట జ్వరంతో పోయాడు. గోదావరి నుంచి పండు తిరిగి వచ్చేసరికి తెల్లవారుజాము. తల్లికి పూనింది. అరుపులు ఏమీ లేవు. నేల మీద చతికిలబడి, పెదవి ముందుకు పెట్టుకుని, అలిగిన పిల్లవాడిలా కూర్చుంది. మామగారు అడిగాడు, "ఏం కావాలి నాయనా?" అని. సంబరానికి ముందు రోజే ఆయన అంగడికి వెళ్ళి బుల్లి ఎర్ర లాగూ ఒకటి కొని తెచ్చి ఉంచాడు. దాన్ని చూపించాడు. ఆ తల్లి దానివైపు చూసి తల అడ్డంగా తిప్పి, "నాకిప్పుడు పదహారు. పంచె కావాలి" అన్నది. గొంతు కొంచెం బొంగురుపోయింది, మీసం వచ్చే వయసు పిల్లల గొంతులా.

ఇంట్లో ఎవరి నోటా మాట లేదు. ఆ మామగారు లేచి, మగ్గం మీద నుంచి అంతకు ముందే కోసి పెట్టిన అంచు పంచె తెచ్చి, మడత విప్పి, ఆవిడ భుజం మీద వేశాడు. "ఎంత ఎదిగావురా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు పన్నెండేళ్ళు పట్టింది.

మీవాడికి ఇప్పుడు 25 నడుస్తూ ఉంటుంది. తమ్ముడి పెళ్ళికి రావలసిన అన్న. వస్తే, అడిగింది ఇవ్వండి. రాకపోతే ఏమీ తప్పు జరిగినట్టు కాదు. తల్లి మీదికే రావాలని నియమం లేదు, మేనత్త మీదికి రావచ్చు, ఎవరి మీదికీ రాకనూ పోవచ్చు. పండు స్నానం చేసి ఇంటికి రావడమే సంబరం. మీరు వణికిపోతుంటే సంబరం నడిపే పెద్దకు ముందుగానే చెప్పండి, మీ పక్కన ఇద్దరిని ఉంచుతాడు. నారసాలు వద్దంటే వద్దు, బలవంతం ఎవరూ చేయకూడదు. వియ్యాలవారిలో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆ రాత్రికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. కాబోయే కోడలిని కూడా రానిస్తే మరీ మంచిది, తన బావగారిని చూసినట్టు ఉంటుంది. మాకు తెలిసిన ఇళ్ళలో, అంతా శాస్త్రోక్తమే అని చెప్పుకునేవాళ్ళ పెళ్ళిళ్ళలో కూడా, వీరభద్రుడి పళ్ళేలు పట్టకుండా ముహూర్తం దాటదు. అపశకునం అనుకుంటే సగం కోనసీమకు పెళ్ళిళ్ళే కాకూడదు.

ప్రశ్న: అమ్మవారు మగవాళ్ళను పూనడం సహజమేనా? మా బావగారికి వస్తోంది, స్నేహితులు ఎగతాళి చేస్తున్నారు.
— ముమ్మిడివరం నుంచి

గరగ ఎత్తే మగవాళ్ళను చూసి కూడా ఎగతాళి చేస్తున్నారంటే ఆ స్నేహితులు ఊళ్ళో ఉంటున్నారో లేదో అనుమానమే. అస్సాంలో కామాఖ్య గుడి దగ్గర శ్రావణం చివర దేవధని ఉత్సవం జరుగుతుంది. అక్కడ దేవతలు పూని కత్తుల అంచుల మీద నిలబడేది మగవాళ్ళే. శక్తిపీఠాల్లో తంత్రానికి అంత పేరున్నది మరొకటి లేదు, అయినా గుడి ముంగిట్లో డోళ్ళూ పూనకాలూ ఉన్నాయి. ఉత్తర కేరళలో తెయ్యం అనే దేవతా వేషం కట్టే మగవాడు ముఖానికి రంగులు, తలకు కిరీటం పెట్టుకున్నాక అద్దంలో చూసుకుంటాడు. ఆ చూపుతో అతను భగవతి అయిపోతాడు. ఆ తర్వాత ఎంతటి పెద్దింటివాడైనా అతని ముందు చేతులు కట్టుకోవలసిందే. మీ బావగారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్ళు, కాలేజీ హాస్టల్లో ఉంటోంది. రెండు నెలలుగా రోజుకు రెండు మూడు సార్లు కళ్ళు తేలేసి, వేరే గొంతుతో మాట్లాడుతోంది. ఒకాయన చేతబడి అని చెప్పి మిరపకాయల పొగ వేశాడు, వేపబెత్తంతో కొట్టాడు. 40,000 రూపాయలు, నల్లకోడి అడుగుతున్నాడు. మా అమ్మాయికి అమ్మవారు పూనినట్టేనా? ఇవ్వమంటారా?
— ఒక తండ్రి

ఒక్క రూపాయి ఇవ్వకండి. ఈ ఉత్తరం మీకు అచ్చులో అందేదాకా ఆగకుండా మీరు ఇచ్చిన నంబరుకు ఫోను చేశాను. మిగతా తండ్రుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మా అత్త పూనకానికి వేళ ఉండేది, అడిగే పెద్ద ఉండేవాడు, దించే డప్పు ఉండేది, లేచాక జాకెట్టు గురించి అడిగే స్పృహ ఉండేది. మర్నాడు పొద్దున కళ్ళాపి చల్లేది. మీ అమ్మాయికి వీటిలో ఒక్కటీ లేదు. రావడమే ఉంది, పోవడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో ఈ తేడానే రాసింది: మనిషి కోరుకోకుండా, తన అదుపు లేకుండా, ఆ సమాజం ఆచారంగా ఒప్పుకున్న సందర్భానికి బయట వచ్చి, బతుకును పాడుచేసే ఆవేశమే జబ్బు, జాతరలో వచ్చేది కాదు. మా అత్తకు చదివి వినిపించి ఉంటే, "ఇది కనిపెట్టడానికి అంత పుస్తకం రాయాలా?" అనేది.

ముందు మూర్ఛ కాదని డాక్టరు చేత తేల్పించండి. తర్వాత మానసిక వైద్యుడు. జిల్లా ఆసుపత్రిలో ఉంటారు. ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416 కు ఏ వేళలో చేసినా డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు. పొగ వేసిన మనిషిని గడప తొక్కనివ్వకండి. మిరప పొగ ఊపిరితిత్తులకు చేసే చేటు ఏ చేతబడీ చేయలేదు.

ఇంకొకటి. మీ ఉత్తరం మూడో పేజీలో, డబ్బు లెక్కల మధ్యలో ఒక వాక్యం ఉంది: ఆ గొంతు "నన్ను మేడ మీది గదికి పంపకండి" అంటోందని. మీరు ఆ వాక్యం మీద ఆగలేదు. జాతరలో అమ్మవారు మురుగు గురించి చెబితే ఊరంతా విన్నది. మీ పిల్ల నోట వచ్చింది కూడా విన్నపమే అనుకోండి. ఆ మేడ మీద ఏముంది? ఎవరున్నారు? తల్లి ఒక్కతే కూర్చుని, తొందరపెట్టకుండా, పొగ లేకుండా అడగాలి. పిల్లల కోసం 1098 నంబరు ఉంది. అంతవరకు హాస్టలుకు తిరిగి పంపకండి.

ప్రశ్న: అమ్మగారూ, మీ శీర్షికలో అమ్మవారి గురించి, గణాచారుల గురించి ఎన్నోసార్లు రాశారు. మా మాట ఎప్పుడూ రాయలేదు. మేము నాలుగు తరాలుగా డప్పు వాయిస్తున్నాం. మా దెబ్బ లేకుండా ఎవరికి పూనిందో ఒక్కరిని చూపించండి.
— ఒక డప్పు కళాకారుడు, మండపేట వైపు నుంచి

చూపించలేను. ఓడిపోయాను.

మీరు అడిగాక గుర్తు చేసుకున్నాను. మా అత్త బొటనవేలు చూస్తూ కూర్చునేది నేను ఒక్కదాన్నే కాదు. వీధిలో డప్పు పట్టుకున్న పెద్దాయన కూడా ఆ వేలినే చూసేవాడు. వేలు గీరితే దెబ్బ బిగించేవాడు, ఆవిడ ఊపిరి తడబడితే వదులు చేసేవాడు. ఒక ఏడు ఆవిడకు జ్వరం ఉన్నా ఎవరికీ చెప్పకుండా నిలబడింది. ఆయన కనిపెట్టాడు. పూనిన కాసేపటికే దించే దెబ్బ ఎత్తుకున్నాడు. ఊరి పెద్ద ఇంకా అడగవలసింది ఉందని కసిరితే, "తల్లి ప్రయాణం కట్టింది, ఆపితే మంచిది కాదు" అని వాయించుకుంటూ పోయాడు. అమ్మవారి మాటను ఊరికి చెప్పే అధికారం మా అత్తది. ఎప్పుడు చాలో తేల్చే అధికారం ఆయనది. ఆయనకు ఇచ్చింది మాత్రం అరుగు కిందనే నిలబెట్టి, వేరే ఆకులో ప్రసాదం. మా ఇంట్లోనే ఇచ్చారు. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

మీ ఊరి తీర్థానికి రమ్మన్నారు, వస్తాను. ఫోను సంచిలోనే ఉంటుంది. మంట దగ్గర కూర్చుని డప్పులు కాచే పని మీ చిన్నవాడిదని రాశారు. వాడికి ఏం ఇష్టమో ఒక కార్డు ముక్క రాయండి. జీళ్ళైతే అమలాపురం నుంచి తెస్తాను.